తరువాత మూత తీసే చెయ్యి



సర్దడం వేరు, దాచడం వేరు. చుట్టాలు వస్తున్నారని కబురు అందగానే మన ఇళ్లల్లో ఏం చేస్తాం? మంచం మీద పడి ఉన్న బట్టలన్నీ మూటగట్టి బీరువాలోకి తోసి తలుపు వేస్తాం. గది శుభ్రంగా కనబడుతుంది. వచ్చినవాళ్లు మెచ్చుకుంటారు కూడా. కానీ మర్నాడు బడికి వెళ్లే పిల్లవాడు చొక్కా కోసం తలుపు తీస్తే మూట మొత్తం వాడి మీద పడుతుంది. మనం చేసింది దాచడం. చీకట్లో చెయ్యి పెట్టినా కావలసిన చొక్కా చేతికి తగిలితే అది సర్దడం. చూసే కంటికి రెండూ ఒకటే. తరువాత తలుపు తీసే చేతికి మాత్రం ఒకటి కాదు. ఈ తేడా ఈ వేసవిలో ఒక రిమోట్ కారు దగ్గర మాకు బాగా తెలిసివచ్చింది. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

మేము అంటే ఎవరో ముందే చెబుతాం. ఆదివారం ఆరాధన ముగిసి, భోజనాలు అయ్యాక మందిరం వసారాలో చేరే ఆరేడుగురు పిల్లలు, వాళ్లకు మజ్జిగ అందించే మా ఇంటి అమ్మగారు, మేము. మా అందరిలో ఇంజనీరింగు చదివినవాళ్లు ఎవరూ లేరు. మేము చదివింది సెమినరీ డిప్లొమా, అందులో తీగల పాఠం ఉండదు. తెలిసినవాళ్లను అడిగి, రేడియో రిపేరు షాపులో కూర్చుని చూసి, చేసి నేర్చుకున్నదే ఇదంతా.

మన సంఘంలోని ఒక కుటుంబం అబ్బాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. ఎవరి దగ్గరో పాత కారు కొని కొన్నాళ్లు నడిపాడట. సెలవులకు వచ్చినప్పుడు పిల్లలు ఆడుకుంటారని మాకు ఇచ్చి వెళ్లాడు. అసలు కారులో పదో వంతు సైజు, మూరెడు పొడవు. సంతలో దొరికే బొమ్మ లాంటిది కాదు. ప్రతి భాగం విప్పవచ్చు, మార్చవచ్చు. జపాన్‌లోని షిజువొకా ఊరి టామియా కంపెనీ 1976లో పోర్షె 934 కారుతో ఇలాంటివి అమ్మడం మొదలుపెట్టింది. అంతకుముందు అదే కంపెనీ పాంథర్ అనే యుద్ధ ట్యాంకు బొమ్మ చేసినప్పుడు, లోపల మోటారూ బ్యాటరీలూ పట్టేంత చోటు ఉండాలని కొలత చూసుకుంటే అది అసలు ట్యాంకులో 35వ వంతు వచ్చింది. తరువాత ప్రపంచమంతటా బొమ్మలు చేసేవాళ్లు ఆ 35వ వంతునే ఒక కొలతగా పట్టుకున్నారు. చూశారా, పైన కనబడే ఆకారాన్ని లోపల కనబడని బ్యాటరీ నిర్ణయించింది.

మా దగ్గరికి వచ్చిన కారుకు ఒక జబ్బు ఉంది. దగ్గరలో బాగానే నడిచేది. నలభై, యాభై అడుగులు దాటేసరికి ముందు చక్రాలు వణికేవి. ఒక్కోసారి ఉన్నట్టుండి ఆగిపోయేది. ఒకసారి మాట వినకుండా పోయి మురుగు కాలువలో పడింది. "దీనికి ఫిట్స్ వస్తున్నాయి అయ్యగారూ" అన్నాడు ఒక చిన్నవాడు. సరే, చూద్దామని పైన తొడుగు తీశాం.

లోపల చూస్తే ఎంత ముచ్చటగా ఉందో! తీగలన్నీ కలిపి ఒక్క కట్టగా చేసి, నల్ల టేపు చుట్టి, ఒక పక్కగా పాములా పడుకోబెట్టి ఉన్నాయి. ఒక్క తీగ కూడా బయటికి వేలాడటం లేదు. పిల్లలందరూ "భలే నీట్‌గా ఉంది" అన్నారు. వాళ్లలో పెద్దవాడు మాత్రం ఏమీ అనలేదు. పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాడు. కాసేపు చూసి, కట్ట మీద వేలు పెట్టి, "ఇందులో ఏది ఎక్కడికి పోతుందో తెలియడం లేదండీ" అన్నాడు.

ఆ మాట దగ్గరే పని మొదలైంది.

ముందు లోపల ఏముంటుందో చెబుతాం, తెలియనివాళ్లకు తరువాతి మాటలు సులువుగా ఉంటాయి. ఇలాంటి కారులో ముఖ్యమైనవి ఐదు. ఒకటి బ్యాటరీ. రెండోది మోటారు. మూడోది ఈ రెంటి మధ్య కూర్చుని ఎంత కరెంటు వదలాలో చూసే స్పీడు కంట్రోలరు. నాలుగోది చక్రాలను కుడికీ ఎడమకూ తిప్పే చిన్న డబ్బా, దాన్ని సర్వో అంటారు. ఐదోది మన చేతిలోని రిమోట్ మాట వినే రిసీవరు. బ్యాటరీ నుంచి కంట్రోలరుకు, అక్కడి నుంచి మోటారుకు వెళ్లేవి లావు తీగలు. బరువు పడినప్పుడు వాటిలో పదుల ఆంపియర్ల కరెంటు పారుతుంది. రిసీవరు నుంచి సర్వోకూ కంట్రోలరుకూ వెళ్లేవి సన్న తీగలు, మూడేసి పోగులు. ఒకటి నలుపో గోధుమ రంగో, అది నెగెటివ్. నడుమ ఎరుపు, అది పాజిటివ్. మూడోది తెలుపో పసుపో నారింజో, అదే మాట మోసేది.

ఆ మాట ఎంత సన్ననిదో వింటే ఆశ్చర్యం వేస్తుంది. సెకనుకు సుమారు 50 సార్లు ఆ తీగలో చిన్న తట్టు లాంటిది వస్తుంది. ఆ తట్టు ఒకటిన్నర మిల్లీ సెకను ఉంటే చక్రాలు నిటారుగా ఉంటాయి. అది ఒక మిల్లీ సెకనుకు తగ్గితే చక్రాలు ఒక పక్కకు, రెండుకు పెరిగితే రెండో పక్కకు తిరుగుతాయి. సెకనులో వెయ్యో వంతు తేడాతో బండి దారి మారుతుంది! అలాంటి సన్న మాటను తీసుకెళ్లి మోటారు లావు తీగలతో కలిపి టేపు చుడితే ఏమవుతుంది? మోటారు లోపల బ్రష్షులు రాసుకుని చిన్న నిప్పురవ్వలు లేస్తుంటాయి. ఆ గోల పక్క తీగలోకి దిగుతుంది. అమ్మ చెవిలో చెప్పే మాట తిరనాళ్లలో వినబడనట్టే, రిసీవరు చెప్పింది సర్వోకు సరిగా వినబడదు. చక్రాలు వణుకుతాయి. రిసీవరు నుంచి వచ్చే సన్నని ఏరియల్ తీగను కూడా ఆ కట్టలోనే చుట్టేశారు. ఇక దూరం నుంచి రిమోట్ మాట ఎలా అందుతుంది?

కట్ట అందంగా ఉంది. జబ్బు కూడా ఆ కట్టే.

మొదట బ్యాటరీ తీసి అవతల పెట్టాం. ఫోనులో అన్ని పక్కల నుంచీ ఫొటోలు తీశాం. తెల్ల దుప్పటి పరిచి టేపు విప్పడం మొదలుపెట్టాం. మన ఎండలకు ఆ టేపు జిగురు కరిగి వేళ్లకు అంటుకుంటోంది. విప్పేకొద్దీ లోపల కాకి గూడు బయటపడింది. కాకి గూడు చూశారా ఎప్పుడైనా? పుల్లలతో పాటు ఎక్కడో ఏరుకొచ్చిన తీగ ముక్కలు కూడా ఉంటాయి అందులో. అలాగే ఉంది. తీగ చాలని చోట ఇంకో ముక్క తెచ్చి ఊరికే మెలితిప్పి వదిలారు, టంకం పెట్టలేదు. మోటారు మీద ఉండాల్సిన మూడు చిన్న కెపాసిటర్లలో ఒకదాని కాలు విరిగి ఉంది. బ్రష్షుల గోలను అణచేవి అవే.

అన్నిటికంటే పెద్ద సంగతి ఇంకొకటి. కంట్రోలరు నుంచి బయలుదేరిన ఎర్ర తీగ సగం దూరం వచ్చి నల్ల తీగ అయింది. నల్లది వచ్చి ఎర్రది అయింది. ఎవరో చేతికి దొరికిన ముక్కలతో పొడుగు చేశారు. కారు నడుస్తుంది, ఎందుకంటే కరెంటు రంగు చూడదు. కానీ రేపు ఎవరైనా బ్యాటరీ ప్లగ్గు మార్చాలని కూర్చుంటే రంగు చూసే కదా కలుపుతారు? ఎరుపుకు ఎరుపు, నలుపుకు నలుపు. అంతా సరిగ్గా చేశాననే అనుకుంటారు. బ్యాటరీ తగిలించిన క్షణంలో కంట్రోలరు మాడిపోతుంది.

అది చూసి పెద్దవాడు తీగ కింద పెట్టేశాడు. లేచి వెళ్లి పంపు దగ్గర చేతులు కడుక్కుని, ఇంటికి వెళ్తానని చెప్పి వెళ్లిపోయాడు.

ఎందుకు వెళ్లాడో మాకు తెలుసు. ఇప్పుడు రాయబోయేది వాళ్ల అమ్మను అడిగి, ఆమె సరేనన్న మీదటే రాస్తున్నాం. వాళ్ల నాన్న బోరు మోటార్లు బాగుచేసేవాడు. నాలుగేళ్ల క్రితం ఒక పొలంలో మోటారు ఆగిపోయిందని పిలిస్తే వెళ్లాడు. స్విచ్ దించాడు. ఫ్యూజులు పీకి పక్కన పెట్టాడు. పద్ధతి ప్రకారం చేయాల్సింది చేసి స్టార్టరు డబ్బా మూత తీశాడు. కానీ అంతకుముందు ఎప్పుడో, ఎవరో తొందరలో, స్విచ్ కంటే ముందు నుంచే ఒక తీగను డైరెక్టుగా లోపలికి కలిపి, పైన టేపు చుట్టి వదిలేశారు. నీళ్లు పారుతున్నాయి కాబట్టి ఎవరూ అడగలేదు. కలిపిన మనిషి ఎవరికీ చెప్పలేదు. మూడు ఫేజుల లైను, 415 వోల్టులు. ఆ తీగ ఎవరు కలిపారో ఈ రోజు వరకు తెలియదు. కలిపిన చేతికి ఏమీ కాలేదు. తరువాత మూత తీసిన చెయ్యి తిరిగి ఇంటికి రాలేదు.

అప్పటి నుంచి ఆ తల్లి కొడుకును కరెంటు దరిదాపులకు పోనివ్వలేదు. ఇంట్లో బల్బు మార్చాలన్నా పక్కింటివాళ్లను పిలుస్తుంది. వాడికేమో తండ్రి వేళ్లు వచ్చాయి. ఐటీఐలో రెండేళ్ల ఎలక్ట్రీషియన్ కోర్సు చదవాలని ఆశ. "ఏదైనా చదువు నాయనా, అది తప్ప" అని ఆమె మాట. దరఖాస్తు కాగితం తెచ్చి పెట్టుకున్నాడు గానీ సంతకం కోసం అమ్మ ముందు పెట్టే ధైర్యం లేదు. ఈ కారు విప్పే ముందు కూడా మేము ఆమెను అడిగే మొదలుపెట్టాం. "ఇది 7.4 వోల్టుల బ్యాటరీ తల్లీ, ముట్టుకుంటే షాక్ కొట్టదు" అంటే, "బొమ్మే కదా అయ్యగారూ, కానివ్వండి" అంది.

వారం రోజులు ఆ అబ్బాయి రాలేదు. తీగలు దుప్పటిలోనే మూటగట్టి ఉంచాం. మరుసటి ఆదివారం వాడంతట వాడే వచ్చాడు. చేతిలో ఒక నోటు పుస్తకం ఉంది. అందులో కారు బొమ్మ గీసి, ఏ తీగ ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో గీతలు గీసుకొచ్చాడు. పైన పెద్ద అక్షరాలతో రాసుకున్నాడు: రంగు మారకూడదు.

అక్కడి నుంచి పని మూడు ఆదివారాలు సాగింది. ఇళ్లల్లో ఇలాంటి కారు ఉన్నవాళ్లకు పనికొస్తుందని వరుసగా చెబుతాం.

తీగ కోసే ముందు వస్తువుల చోటు చూసుకోవాలి. అన్నిటిలోకీ బరువైనది బ్యాటరీ. అది ఒక పక్క ఉంటే కంట్రోలరు, రిసీవరు రెండో పక్క ఉండాలి, అన్నీ వీలైనంత కిందుగా ఉండాలి. తూకం సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి సులువైన దారి ఉంది. కారు నడిమి గీత మీద ముందొకటి, వెనకొకటి స్క్రూడ్రైవరు మొన ఆనించి మెల్లగా పైకి లేపితే బరువున్న పక్కకు ఒరుగుతుంది. పిల్లలు వస్తువులు జరిపి జరిపి, అది ఒరగకుండా నిలిచేదాకా వదల్లేదు. ఆ తరువాతే రెండు వైపులా అంటుకునే స్పంజి టేపుతో వాటిని అతికించాం. స్పంజి ఉంటే గతుకుల్లో రిసీవరుకు దెబ్బ తగలదు.

కంట్రోలరుకు గాలి తగలాలి, అది వేడెక్కుతుంది. దాని మీద నుంచి తీగలు పోనివ్వకూడదు. స్విచ్ బయటి నుంచి వేలికి అందాలి. మోటారు లావు తీగలు ఒక పక్క నుంచి, సన్న తీగలు రెండో పక్క నుంచి పోవాలి. ఎక్కడైనా కలవక తప్పకపోతే పక్కపక్కన పరుగెత్తకుండా అడ్డంగా దాటిపోవాలి. రిసీవరును మోటారుకు దూరంగా పెట్టి, దాని ఏరియల్‌ను సన్న గొట్టంలోంచి నిటారుగా పైకి పంపాలి. ఈ రిమోట్లు 2.4 గిగాహెర్ట్జ్ మీద పనిచేస్తాయి. ఆ అల పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు. ఏరియల్ చివర తొడుగు లేని మూడు సెంటీమీటర్ల ముక్క ఉంటుంది, వినేది అదే. అంటే అలలో నాలుగో వంతు. పొడుగ్గా ఉందని దాన్ని కత్తిరించకూడదు, మడిచి దాచకూడదు. చెవిని దాచి పెడితే మాట ఎలా వినబడుతుంది?

లావు తీగలు అనవసరంగా పొడుగు ఉండకూడదు. పొడుగు పెరిగేకొద్దీ తీగలో అడ్డు పెరుగుతుంది, వేడి పెరుగుతుంది. కానీ బిగుతుగా లాగి కట్టడం కూడా తప్పే. ఈ కారు చక్రాలు గతుకుల్లో పైకీ కిందికీ ఆడతాయి. ఆడే భాగాల దగ్గర తీగకు కొంచెం వదులు ఉండాలి. ఆ వదులు పళ్ల చక్రాలకూ తిరిగే షాఫ్టుకూ తగలకుండా చూడాలి. "ఎంత వదులు ఉంచాలి?" అని చిన్నవాడు అడిగితే పెద్దవాడు చెప్పాడు, "గేదె పలుపు అంత. మేత అందాలి, పక్కవాళ్ల చేను అందకూడదు." ఇంతకంటే బాగా మేము చెప్పలేం.

ఇక సోల్డరింగు. లావు తీగకు ఇంట్లో ఉండే 25 వాట్ల ఐరన్ చాలదు. తీగ వేడెక్కకుండా పైపైన ముద్ద అంటుకుంటుంది, అది కొన్నాళ్లకు ఊడిపోతుంది. షాపాయన 60 వాట్లది ఇచ్చాడు. వేడి పెట్టాల్సింది టంకానికి కాదు, తీగకు. తీగ వేడికి టంకం కరిగి పోగుల మధ్యకు దానంతట అది పాకాలి. రెండు తీగలు ఒకేసారి బయట పెట్టకూడదు. ఒకటి అతికి, స్లీవ్ తొడిగాకే రెండోది ముట్టుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, టంకం పెట్టే ముందే తీగకు స్లీవ్ ఎక్కించాలి. అతికాక ఎక్కదు. రెండో చిన్నవాడు అది మర్చిపోయి, అతికిన తీగ పట్టుకుని స్లీవ్ వైపు చూస్తూ ఉండిపోయాడు. అందరం నవ్వాం, వాడూ నవ్వాడు, మళ్లీ విప్పి అతికాడు. మొదటి నుంచి చివరి దాకా ఎర్రది ఎర్రగా, నల్లది నల్లగా ఉండేలా కొత్త తీగ వేశాం. 14 గేజి, అంటే సుమారు రెండు చదరపు మిల్లీమీటర్లు. విరిగిన కెపాసిటరు స్థానంలో 104 అని రాసి ఉండే చిన్నది కొత్తగా పెట్టాం. దాని ఖర్చు ఒక టీ అంత కూడా కాలేదు.

చివరికి కేబుల్ టైలు. వాటిని గొంతు నొక్కినట్టు బిగించకూడదు, తీగ తొడుగు తెగుతుంది. మిగిలిన తోకను మొదలంటా కోయాలి, లేకపోతే తరువాత చెయ్యి పెట్టేవాడికి గీసుకుంటుంది. ఈ చివరి మాట పెద్దవాడు రెండుసార్లు చెప్పాడు. కోసిన ప్రతి చోటా వేలితో రాసి చూశాడు.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. 7.4 వోల్టులు షాక్ కొట్టదన్నాం. కానీ ఈ లిథియం బ్యాటరీ రెండు మొనలు తగిలితే నిప్పు పుడుతుంది. ఒక్కో సెల్లు 4.2 వోల్టులకు మించి ఎక్కకూడదు, 3 వోల్టుల కంటే దిగకూడదు. రెండు సెల్లులనూ సమానంగా నింపే చార్జరే వాడాలి. చార్జింగు పెట్టి నిద్రపోకూడదు, బయటికి పోకూడదు. ఉబ్బిన బ్యాటరీని ఇక వాడకూడదు. పూరిల్లు అయితే లోపల పెట్టనే వద్దు. మేము మందిరం వెనక సిమెంటు గచ్చు మీద పెడతాం, పక్కన ఇసుక బకెట్టు ఉంటుంది, ఒక పెద్ద మనిషి కూర్చుంటాడు.

మూడో ఆదివారం ఆ తల్లి వచ్చింది. సోల్డరింగు పొగ వాసన కొడుకు చొక్కా నిండా వస్తోందని, ఏం చేస్తున్నారో చూద్దామని వచ్చానంది. వసారా మెట్టు మీద కూర్చుంది. కారు ముందు పెట్టాం. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత చీర కొంగు సర్దుకుని, బ్యాటరీ దగ్గర ఎర్ర తీగ మీద వేలు పెట్టింది. వేలిని తీగ వెంట నెమ్మదిగా జరుపుతూ పోయింది. కంట్రోలరు దగ్గర ఆగింది.

"ఇక్కడి నుంచి?" అంది.

"ఈ డబ్బాలోంచి మోటారుకు పోతుందమ్మా. ఇదిగో ఇటు."

ఆమె వేలు మోటారు దాకా వెళ్లింది. ఆ తరువాత సన్న తీగలు. ఒక్కోదాని మీద తెల్ల కాగితం ముక్క అతికించి ఉంది. ఒకటి స్టీరింగు, ఒకటి స్పీడు. ఆమె ఐదో తరగతి దాకా చదువుకుంది, కూడబలుక్కుని చదివింది.

"ఇది నువ్వు చేశాక ఇంకెవరన్నా విప్పితే వాళ్లకు తెలుస్తుందా?"

"నీకే తెలిసింది కదమ్మా."

ఆమె కళ్లు తుడుచుకుంది. మేము ఎవరం ఏమీ అనలేదు. ఏమనగలం? కాసేపటికి లేచి, "ఆయన పోయిన డబ్బా ఇట్లా ఉంటే..." అని అక్కడే ఆపేసింది. వెళ్తూ వెళ్తూ కొడుకుతో అంది: "ఆ కాగితం ఏదో బియ్యం డబ్బా వెనక దాచావు కదా, ఇంటికొచ్చి ఇయ్యి. సంతకం పెడతా. కానీ నేను వేలు పెట్టి చూసినా తెలిసేటట్టు చెయ్యి, ఎక్కడ ఏ పని చేసినా. టెస్టరు పెట్టకుండా ఏదీ ముట్టుకోబాక."

ప్రియులారా, ఆమె భయం పోయిందని మేము చెప్పడం లేదు. పోయే భయం కాదు అది. భయంతోనే ఆమె సరేనంది. ఆ సరేనన్న మాటకు ఎంత ఖరీదు ఉందో ఆ పిల్లవాడికి తెలుసు.

కారు ఇప్పుడు బాగా నడుస్తోంది. ముందుగా చక్రాలు నేలకు తగలకుండా ఇటుక మీద ఎత్తి పెట్టి పరీక్షించాం. ఎప్పుడూ రిమోట్ ముందు వేసి ఆ తరువాతే కారు వేయాలి, ఆపేటప్పుడు కారు ముందు ఆపాలి. అప్పుడు కారు ఒక్క క్షణం కూడా యజమాని లేకుండా ఉండదు. ఇటుక మీద ఉండగానే రిమోట్ ఆపేసి చూశాం, మోటారు దానంతట అది ఆగింది. మాట అందకపోతే ఆగిపోయేలా అమర్చి ఉండాలి, లేకపోతే ఏ చిన్నపిల్లవాడి కాళ్ల మీదకో పోతుంది. ఆ తరువాత బడి మైదానంలో ఈ చివర నుంచి ఆ చివరకు నడిపాం. చక్రాలు వణకలేదు.

తొడుగు తీసి చూస్తే మాత్రం మునుపటంత ముచ్చటగా ఉండదు. నల్లగా నున్నగా ఒక్క కట్టగా లేదు. తీగలు విడివిడిగా కనబడతాయి, అక్కడక్కడ వదులుగా వంపు తిరిగి ఉంటాయి, మీద కాగితం ముక్కలు ఉంటాయి. కానీ దేని సంగతి అది దాచకుండా చెబుతుంది.

మన చేతి పనులన్నీ ఒకరోజు ఇంకొకరి చేతిలోకి వెళ్లేవే. స్టార్టరు డబ్బా కావచ్చు, ఇంటి స్విచ్ బోర్డు కావచ్చు, పొదుపు సంఘం లెక్కల పుస్తకం కావచ్చు, మందుల డబ్బా కావచ్చు. "నాకు తెలుసులే" అని చుట్టి పెట్టిన టేపు కింద, మనం లేనప్పుడు, ఎవరి చెయ్యి పడుతుందో మనకు తెలియదు. ఈ వారం మీ ఇంట్లో, మీ పొలంలో అలాంటి డబ్బా ఏదైనా ఉంటే తెలిసినవాళ్ల చేత ఒకసారి చూపించండి. స్విచ్ దాటి డైరెక్టుగా కలిపినది ఉంటే ఈ రోజే తీయించండి. నీళ్లు పారుతున్నాయి కదా అని వదలకండి. కరెంటు పని తెలియనివాళ్లు మాత్రం మీరే మూత తీయకండి, దయచేసి.

జూన్‌లో పెద్దవాడు ఐటీఐకి వెళ్లిపోతాడు. కారు చిన్నవాళ్ల చేతికి వస్తుంది. అందుకని వాడు నోటు పుస్తకంలోని ఆ బొమ్మను మళ్లీ శుభ్రంగా గీసి, రంగు పెన్సిళ్లతో తీగలు దిద్ది, ప్లాస్టిక్ కవరులో పెట్టి కారు తొడుగు లోపలి వైపు అతికించాడు. ఏ తీగ ఎక్కడిదో, ఎప్పుడు మార్చామో, తేదీతో సహా ఉంది. దాని పైన, రెండో తరగతి పిల్లలు కూడా చదవగలిగేంత పెద్ద అక్షరాలతో ఒక్క ముక్క రాశాడు:

ముందు బ్యాటరీ తియ్యి తమ్ముడూ.